ఈడేల్ పొలాల మీదుగా నడక: పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్ళే బెంగళూరు పెద్దలకు

అగర చెరువు కట్ట మీద మాతోపాటు పొద్దున్నే నడిచే తెలుగువాళ్ళలో చాలామంది ఏప్రిల్ వచ్చేసరికి మాయమవుతారు. మనవల కోసం ఒకరు మాంచెస్టర్, ఒకరు షెఫీల్డ్, మరొకరు రెడింగ్ చేరుకుంటారు. తిరిగొచ్చాక ఎలా గడిచిందని అడిగితే, "నడవడానికి ఏముందండీ అక్కడ, అన్నీ పొలాలే" అని పెదవి విరుస్తారు. నడవాల్సింది ఆ పొలాల్లోనే.

"పరాయివాళ్ళ పొలంలో అడుగు పెడితే ఊరుకుంటారా అన్నయ్యగారూ?" అని మా అపార్టుమెంటులో ఒకావిడ అడిగారు. ఊరుకోవడం, ఊరుకోకపోవడం వాళ్ళ చేతిలో లేదు. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అనంతపురం జిల్లాలో పొలాల వెంట గొలుసు లాగించాను, దారి తగాదాల్లో ఇరుపక్షాల తిట్లూ తిన్నాను. అందుకే షెఫీల్డ్‌లో ఉండే మా అమ్మాయి మమ్మల్ని పీక్ డిస్ట్రిక్ట్ అనే జాతీయ వనంలోని ఈడేల్ పల్లెకు తీసుకువెళ్ళినప్పుడు, అందరూ కొండలు చూస్తుంటే నేను దారి స్తంభాలు చూశాను. కారు లేకుండా, పిల్లల సెలవు కోసం ఎదురుచూడకుండా, అరవై దాటిన దంపతులు సొంతంగా నడిచి రాగల ఊరది. ఎలా నడవాలో చెబుతాను. కొంచెం చాదస్తం ఉంటుంది, భరించండి.

పటంలో గీత ఉంటే చాలు

మన గ్రామ పటాల్లో డొంక, పుంత, బండ్లబాట ఉంటాయి. ఇక్కడి కర్ణాటక గ్రామ పటాల్లో కాలుదారి, బండిదారి అని గీతలు వేసి ఉంటాయి. పటంలో ఉన్న డొంక నేల మీద కనబడదు, ఎవరో ఎప్పుడో కలుపుకొని దున్నేసి ఉంటారు. ఇంగ్లండులోనూ ఈ గొడవలు లేకపోలేదు. కాని 1949లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కౌంటీ తన పరిధిలోని నడక దారులన్నిటినీ గుర్తించి, అధికారిక పటం తయారుచేసి ఉంచాలి. ఆ పటంలోకి ఎక్కిన దారి మీద నడిచే హక్కు మీకూ నాకూ సహా అందరికీ ఉంది. భూమి ఎవరిదన్నది అనవసరం. ఇంగ్లండు, వేల్స్ రెండూ కలిపి ఇలాంటి దారుల పొడవు సుమారు 2,25,000 కిలోమీటర్లు.

జనం అడ్డూ ఆపూ లేకుండా 20 ఏళ్ళు నడిచిన బాట కూడా దారిగా నమోదుకు అర్హమవుతుంది. మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ 20 ఏళ్ళ లెక్కే ఉంది. కాకపోతే మనది పక్కపక్క పొలాలవాళ్ళ మధ్య హక్కు, వాళ్ళది దారినపోయే ప్రతివాడి హక్కు. తేడా అంతా అక్కడే.

కాబట్టి అనుమతి అడగనక్కర్లేదు. రైతు ఎదురైతే బెదరనక్కర్లేదు, ఒక నమస్కారమో హలోనో చాలు. దారి నేరుగా రైతు ఇంటి ముంగిట్లోంచి, పశువుల కొట్టం పక్కనుంచి పోతుంది. మనవాళ్ళు అక్కడ ఆగిపోయి వెనక్కి తిరుగుతారు. తిరగకండి. గేటు మీద పసుపు బాణం గుర్తు ఉంటే అది నడిచేవాళ్ళ దారి. నీలం బాణం ఉంటే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళవచ్చు. 'ప్రైవేట్' అన్న బోర్డు పక్కనే పసుపు బాణం ఉందంటే, ప్రైవేటు అన్నది కార్లకు చెప్పిన మాట.

దీనికి రెండో పక్క కూడా ఉంది. గీత మీద ఉన్నంతసేపు మీరు హక్కుదారులు. గీత వదిలి పక్క పొలంలోకి ఫొటో కోసం వెళ్ళారా, పిలవని పేరంటానికి వెళ్ళినట్టే. పైరు విషయంలో మనకు ఇది తలకిందులుగా తోస్తుంది. పైరు తొక్కడం పాపమని మనం గట్టు వెంట చుట్టూ తిరిగి వెళ్తాం. అక్కడ దారి గోధుమ చేను నడిమధ్యనుంచి పోతుంటే నడిమధ్యనుంచే నడవాలి. చేను మధ్య కనీసం మీటరు వెడల్పు బాట వదలాల్సింది రైతు. అంచు వెంట తిరిగితే దారి తప్పింది మీరు. ఈడేల్‌లో ఈ చిక్కు రాదు, అక్కడన్నీ మేత బీళ్ళే. రెడింగ్, కేంబ్రిడ్జ్ వైపు పిల్లలున్నవాళ్ళు గుర్తుంచుకోండి.

బెంగళూరులో ఉండగానే

మొదట ఒక నిజం. కొండలంటే భయపడకండి. ఈడేల్ పక్కనున్న కిండర్ స్కౌట్ ఆ ప్రాంతమంతటికీ ఎత్తైన చోటు. దాని ఎత్తు 636 మీటర్లు. సముద్రమట్టం నుంచి లెక్కిస్తే మన అగర చెరువు కట్టే దానికన్నా ఎత్తు. ఈ మాట మా అల్లుడితో అంటే నవ్వి, "పైన గాలి ఎలా ఉంటుందో చూసి చెప్పండి మామయ్యగారూ" అన్నాడు. నిజమే, అక్కడ మనల్ని ఇబ్బందిపెట్టేది ఎత్తు కాదు. వాన, గాలి, బురద.

చెరువు కట్ట మీద రోజూ ఎన్ని చుట్లు తిరిగినా మోకాళ్ళకు దిగే అలవాటు రాదు, చదును నేల కదా. బయలుదేరే ముందు రెండు నెలలు అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగండి. వారానికొకసారి లాల్‌బాగ్ బండ మీదికి వెళ్ళి, ఆరిన రోజు చూసుకొని, ఏటవాలులో నెమ్మదిగా దిగడం అలవాటు చేసుకోండి. ఓపిక ఉన్నవాళ్ళు నందికొండ మెట్ల దారి ఎక్కవచ్చు. సావనదుర్గ జోలికి పోకండి, ఆ నున్నటి బండ మన వయసుకు కాదు.

బూట్లు ఇక్కడే కొనండి. సర్జాపూర్ రోడ్డులోని డెకాథ్లాన్‌కు సాయంత్రం పూట వెళ్ళండి, ఆ వేళకు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, సరైన కొలత తెలుస్తుంది. చీలమండ కప్పేవి, అడుగున లోతైన గాడులు ఉన్నవి, నీరు లోపలికి రానివి తీసుకోండి. వాటితోనే కనీసం నెల రోజులు కూరగాయలకు వెళ్ళండి. కొత్త బూట్లతో విమానం దిగి నేరుగా కొండెక్కేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

బట్టల విషయంలో నూలు మీద మన ప్రేమను కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. తడిసిన నూలు ఆరదు, ఒళ్ళు చల్లబడుతుంది. జీన్సు మరీ ఘోరం. లోపల పలుచని పాలియెస్టర్ చొక్కా, దాని మీద ఫ్లీస్, ఆ పైన గాలీ వానా ఆపే కోటు, ఇలా పొరలు పొరలుగా వేసుకోండి. ఎక్కేటప్పుడు విప్పుతారు, శిఖరం మీద మళ్ళీ తొడుగుతారు. గొడుగు ఇంట్లో పెట్టేయండి, కొండ అంచున అది మీ చేతిలో నిలవదు. మంకీ క్యాప్ గురించి పిల్లలు సిగ్గుపడతారు. పడనివ్వండి. చీరతో నడిచేవాళ్ళు లేకపోలేదు, కాని రాతిగోడ మెట్లు దాటేటప్పుడు కుచ్చెళ్ళు తట్టుకుంటాయి, బురదలో అంచు బరువెక్కుతుంది. మా ఆవిడ చుడీదార్‌కు మారింది.

పటం చదవడం

ఫోనులో పటం ఉందిగా అంటారు. ఈడేల్ లోయలో ఫోను సిగ్నల్ వచ్చిపోతుంటుంది, చలికి బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది. ఫోను ఉండనివ్వండి, కాగితం పటం కూడా కొనండి. బ్రిటన్‌లో పటాలు వేసే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేవారి ఎక్స్‌ప్లోరర్ వరసలో ఓఎల్1, డార్క్ పీక్ అని అడగండి. స్కేలు 1:25,000. అంటే పటం మీద నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పటమంతా కిలోమీటరు గళ్ళు ఉంటాయి కాబట్టి స్కేలు బద్ద లేకుండానే దూరం చూచాయగా చెప్పవచ్చు.

ఇక్కడ ముఖ్యంగా చూడాల్సింది గీతల రంగు. ఆకుపచ్చ ముక్కల గీతలు హక్కును చెబుతాయి. చిన్న ముక్కలైతే నడక దారి, పొడుగు ముక్కలైతే గుర్రాలకు కూడా. నల్ల ముక్కల గీతలు నేల మీద బాట కనబడుతుందని మాత్రమే చెబుతాయి, హక్కు సంగతి చెప్పవు. ఈ రెండూ ఎప్పుడూ కలవాలని లేదు. ఆకుపచ్చ గీత ఉన్నచోట నేల మీద గడ్డి తప్ప ఏమీ కనబడకపోవచ్చు, అయినా హక్కు అక్కడే ఉంది. నల్ల గీత వెంట చక్కటి బాట ఉండవచ్చు, దాని చివర తాళం వేసిన గేటు ఎదురు కావచ్చు. మా శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు 'రికార్డు వేరు, నేల వేరు' అని చెప్పేవాణ్ణి. అదే ఇది. లేత పసుపు రంగు వేసిన విశాలమైన చోటు కనిపిస్తే అది 2000 నాటి చట్టం కింద నడిచేవాళ్ళకు తెరిచిన బీడు. అక్కడ గీతతో పనిలేదు, మీ ఇష్టం వచ్చినవైపు నడవవచ్చు. కిండర్ పైభాగమంతా అలాంటిదే.

ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఆయాసం, ఎడంగా ఉంటే సుఖం. అంతకన్నా ఎక్కువ ఇక్కడ చెప్పను, చెబితే ఆగను.

సమయం లెక్కకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పెద్దమనిషి ఒక సూత్రం ఇచ్చాడు. మూడు మైళ్ళకు గంట, రెండు వేల అడుగుల ఎక్కుడుకు మరో గంట. అది కుర్రకారు లెక్క. మన వయసుకు నేను వాడేది గంటకు మూడు కిలోమీటర్లు, ప్రతి వంద మీటర్ల ఎక్కుడుకు అదనంగా పావుగంట. ఈడేల్ స్టేషన్ నుంచి మామ్ టోర్ శిఖరానికి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు అంటే గంటన్నర. ఎక్కుడు సుమారు 280 మీటర్లు అంటే మరో నలభై నిమిషాలు. టీ తాగడానికి, ఫొటోలకు అరగంట కలపండి. స్తంభాల మీద దూరాలు మైళ్ళలో ఉంటాయి, రెండు మైళ్ళంటే మూడు కిలోమీటర్ల పైమాట.

రైలు దిగాక

షెఫీల్డ్‌కూ మాంచెస్టర్‌కూ మధ్య కొండల్లోంచి 1894లో వేసిన రైలు మార్గం ఉంది. ఆగుతూ ఆగుతూ పోయే చిన్న రైలు ఎక్కండి, వేగంగా పోయేవి ఈడేల్‌లో ఆగవు. షెఫీల్డ్ నుంచి అరగంట పైన పడుతుంది, మాంచెస్టర్ నుంచి ముప్పావుగంట. అరవై నిండినవాళ్ళకు సీనియర్ రైల్‌కార్డ్ ఇస్తారు, వయసు రుజువుకు మన పాస్‌పోర్టు సరిపోతుంది, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. తిరుగు రైళ్ళ వేళలు స్టేషన్‌లో దిగగానే ఫొటో తీసుకోండి.

ఈడేల్ అంటే ఒకే ఊరు కాదు. లోయ పొడుగునా 'బూత్' అనే మాటతో ముగిసే చిన్న చిన్న పల్లెలు. ఒకప్పుడు పశువుల కాపరులు వేసుకున్న పాకల చోట్లు అవి. అప్పర్ బూత్, బార్బర్ బూత్, ఆలర్‌బ్రుక్ బూత్ ఇలా.

మొదటి రోజు చిన్న నడక చాలు. స్టేషన్ నుంచి ఊరి దారి పట్టుకొని, చర్చి దాటి, ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పాత పబ్బు దాకా వెళ్ళండి. 431 కిలోమీటర్ల దూరం, స్కాట్లండులోని కర్క్ యెథమ్ దాకా పోయే పెనైన్ వే అక్కడే మొదలవుతుంది. బ్రిటన్‌లో ప్రజల కోసం గుర్తించిన సుదీర్ఘ నడక దారుల్లో అది మొదటిది, 1965లో తెరిచారు. మనం మొదటి రెండున్నర కిలోమీటర్లే నడుస్తాం. ఎడమకు తిరిగే స్తంభం చూసుకొని పొలాల్లోకి మళ్ళితే, గడ్డి మధ్య రాతి పలకలు పరిచిన బాట కనబడుతుంది. అప్పర్ బూత్ దాకా దాదాపు అంతా తేలికే. అక్కడినుంచి సన్నని తారు దారి వెంట బార్బర్ బూత్‌కు దిగి, పొలాల మీదుగా స్టేషన్‌కు వచ్చేయవచ్చు. మొత్తం ఆరు కిలోమీటర్ల లోపు.

ఈ చిన్న నడకలో గేట్ల విద్యంతా వచ్చేస్తుంది. గోడ దాటడానికి రెండు వైపులా మెట్లున్నచోట పైకెక్కాక వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి, మోకాలికి మేలు. కిస్సింగ్ గేట్ అనేది సగం గుండ్రంగా కట్టిన గూటిలో అటూ ఇటూ ఊగే గేటు. పశువు పట్టదు, మనిషి మాత్రం పడతాడు. గూటిలోకి వెళ్ళి మూల నిలబడి, గేటును వెనక్కి తోసి, బయటికి నడవాలి. వీపు సంచీ ఉంటే ముందు విప్పండి. గోడలో సన్నని సందు మాత్రమే వదిలినచోట్లూ ఉంటాయి, బొజ్జ ఉన్నవాళ్ళు పక్కకు తిరగాలి. మామూలు గేటు మూసి ఉంటే మూసి వెళ్ళండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. తెరిచి ఉంచినవాడికి దానితో పని ఉంటుంది, గొర్రెలు అటునుంచి నీళ్ళకు పోవాలేమో. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు మాత్రం ఎక్కకండి, ఒక రాయి జారితే గజం గోడ కూలుతుంది.

ఇక ఆవులు. మన ఆడవాళ్ళు ఆవు కనబడగానే దగ్గరికి వెళ్ళి తోక తాకి కళ్ళకద్దుకుంటారు. అక్కడ వద్దు. అవి మనిషి తాకిడికి అంతగా అలవాటు లేనివి. దూడ పక్కన ఉంటే మీద పడతాయి. దూరం నుంచే దణ్ణం పెట్టుకొని, దూడకూ తల్లికీ మధ్యలోకి పోకుండా, పరుగెత్తకుండా, వీలైనంత ఎడంగా నడవండి. పిల్లల కుక్కను తీసుకువెళ్తే తాడు కట్టి పట్టుకోండి. ఆవులు కుక్క మీదికి వస్తే మాత్రం తాడు వదిలేయండి, కుక్క తప్పించుకుంటుంది, మీరు తప్పించుకోలేరు. ఆబోతుల విషయంలో చట్టమే ఉంది. పాడి జాతుల ఆబోతుకు పది నెలలు దాటితే దారి ఉన్న పొలంలో వదలకూడదు. మిగతా జాతులవైతే ఆవులతో కలిపి ఉంటేనే వదలాలి.

హాలిన్స్ క్రాస్ మీదుగా హోప్ దాకా

ఈడేల్‌లో ఒక్క నడకే వీలైతే ఇదే నడవండి. ఒక స్టేషన్‌లో దిగి, కొండ దాటి, పక్క స్టేషన్‌లో రైలెక్కడం. వెనక్కి నడిచే విసుగు ఉండదు.

స్టేషన్ నుంచి కిందికి వచ్చి, పెద్ద దారిలో కుడికి కొద్ది దూరం నడిస్తే ఎడమవైపు హార్డెన్‌క్లఫ్ ఫార్మ్‌కు పోయే సన్నని దారి వస్తుంది. నో అనే వాగు లాంటి నది దాటుతారు. అక్కడినుంచి స్తంభాల మీద హాలిన్స్ క్రాస్ పేరు చూసుకుంటూ ఎక్కండి. ఏటవాలు ఉంది, అయినా భయపడేంత కాదు. ఇరవై అడుగులు వేసి నిలబడండి, ఊపిరి అందాక మళ్ళీ ఇరవై. పక్కనుంచి కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ పోతారు, పట్టించుకోకండి.

ఈ దారికి పాత కథ ఉంది. ఈడేల్‌కు 1633 దాకా సొంత చర్చి లేదు. ఊళ్ళో ఎవరైనా పోతే శవపేటికను భుజాల మీద మోసుకొని, ఈ కొండ దాటి కాసిల్టన్ తీసుకువెళ్ళేవారు. ఆ తరవాత, 18వ శతాబ్దం చివర్లో, ఈడేల్‌లో నూలు మిల్లు వెలిసింది. అప్పుడు కాసిల్టన్ నుంచి ఆడకూలీలు ఇదే దారిన ఇటు ఎక్కి దిగి పనికి వచ్చేవారు. మనం చేతిలో ఫ్లాస్కుతో ఆయాసపడే చోట వాళ్ళు చలికాలపు చీకట్లో రోజూ నడిచారు. దారి రికార్డులోకి ఎక్కడానికి కారణం ఇలాంటి కాళ్ళే.

పైన నాలుగు దారుల కూడలి. వెనక ఈడేల్ లోయ, దాని మీద కిండర్ నల్లటి అంచు. ముందు హోప్ లోయ, కాసిల్టన్ ఇళ్ళు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం. జాతీయ వనం నడుమ సిమెంటు ఫ్యాక్టరీ ఏమిటని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. దారి గుర్తుకు మాత్రం పనికొస్తుంది, మబ్బు లేనప్పుడు ఎక్కడినుంచైనా కనబడుతుంది.

ఓపిక ఉంటే కుడికి తిరిగి, రాతి పలకల బాట వెంట మామ్ టోర్ ఎక్కండి. ఎత్తు 517 మీటర్లు. శిఖరం చుట్టూ ఉన్న గట్లు చరిత్రకు ముందు కాలపు కోట ఆనవాళ్ళు. పైన నడుమెత్తు కాంక్రీటు స్తంభం ఒకటి ఉంటుంది. అందరూ దానికి ఆనుకొని ఫొటో దిగుతారు. అది 1936లో బ్రిటన్ దేశాన్ని మళ్ళీ కొలవడం మొదలుపెట్టినప్పుడు దేశమంతటా కట్టిన త్రిభుజ సర్వే స్తంభాల్లో ఒకటి. 1802లో లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి మన దేశపు మహా సర్వే మొదలుపెట్టిన సంగతి తెలిసినవాడికి, ఆ స్తంభం మీద చెయ్యి వేస్తే కలిగే ఆనందం వేరు. మిగతావాళ్ళు ఫొటో దిగండి.

తిరిగి హాలిన్స్ క్రాస్‌కు వచ్చి కాసిల్టన్ వైపు దిగండి. దిగుతూ కుడివైపు వెనక్కి చూస్తే మామ్ టోర్ కొండ ముఖం ఊడిపడినట్టు కనిపిస్తుంది. ఇసుకరాయి, పలకరాయి పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్న కొండ అది. వాన నీరు దిగి పలకరాయి మెత్తబడుతుంది, పైనున్నదంతా జారుతుంది. వేల ఏళ్ళుగా జారుతూనే ఉంది. ఆ జారే నేల మీదే 19వ శతాబ్దం మొదట్లో రోడ్డు వేశారు. వేసిన రోడ్డు జారడం, మళ్ళీ వేయడం, చివరికి 1979లో విసిగిపోయి మూసేశారు. పగిలి, మడతలు పడిన ఆ తారు మీద ఇప్పుడు నడిచి చూడవచ్చు. ఇంజనీర్లైన పిల్లలను తప్పక తీసుకువెళ్ళండి.

కాసిల్టన్‌లో టీ తాగి, పీక్స్‌హోల్ వాటర్ అనే ఏటి వెంట పొలాల మీదుగా హోప్ గ్రామానికి రండి. హోప్ స్టేషన్ ఊళ్ళో లేదు, ఇంకా తూర్పుగా కిలోమీటరు పైన ఉంది. ఇది తెలియక రైలు పోగొట్టుకుంటారు. మామ్ టోర్‌తో కలిపి మొత్తం పన్నెండు కిలోమీటర్లు, అది వదిలేస్తే ఎనిమిది.

కిండర్ మాట

జేకబ్స్ లాడర్ అనే మెట్ల దారి అడుగున పాత రాతి వంతెన దాకా ఎవరైనా వెళ్ళవచ్చు, అప్పర్ బూత్ నుంచి తేలికైన దారి. ఆ పైకి, కిండర్ పీఠభూమి మీదికి, పిల్లలు తోడు లేకుండా వెళ్ళకండి. పైన గుర్తుపట్టడానికి చెట్టూ పుట్టా ఉండవు. నల్లటి పీట్ మట్టిలో మనిషి లోతు కాలువలు అల్లుకొని ఉంటాయి, మబ్బు దిగితే దిక్కు తెలియదు. స్టేషన్ దగ్గర ఎండ కాస్తున్నా పైన మబ్బు కప్పి ఉంటే ఆ రోజు కిండర్ వద్దు.

ఎక్కకపోయినా దాని కథ తెలిసి ఉండాలి. ఆ బీళ్ళు ఒకప్పుడు గ్రౌస్ పక్షుల వేట కోసం జమీందార్లు కాపలా పెట్టుకున్నవి, మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న, అవతలి వైపు హేఫీల్డ్ నుంచి కొన్ని వందలమంది మిల్లు, ఫ్యాక్టరీ కుర్రాళ్ళు కావాలనే పైకి నడిచారు. వాళ్ళకు ముందు నిలిచిన బెన్నీ రాత్‌మన్ వయసు ఇరవై. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది, ఐదుగురికి జైలు పడింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి జాతీయ వనమైంది. పటంలో ఆ పసుపు రంగు ఊరికే రాలేదు.

తిండి, వేళ, ఆపద

పులిహోర, పెరుగన్నం రెండూ నడకకు బాగుంటాయి. పెరుగన్నం చలికి గడ్డకట్టినట్టవుతుంది కాబట్టి నా ఓటు పులిహోరకే. చెక్కలు, బెల్లం పల్లీ చిక్కీ జేబులో ఉండాలి. మంచినీళ్ళు ఇంటినుంచే, వాగు నీళ్ళు తాగకండి, పైన గొర్రెలున్నాయి. పబ్బు అనగానే మన పెద్దలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. చాలా పబ్బుల్లో టీ, కాఫీ ఇస్తారు, కుటుంబాలతో వస్తారు, బురద బూట్లు గుమ్మంలో విప్పితే సంతోషిస్తారు. బాత్‌రూమ్ వాడుకుంటే ఒక టీ అయినా కొనడం మర్యాద. తొక్కలూ కవర్లూ అన్నీ సంచీలో వేసుకొని ఇంటికి తెచ్చుకోవాలి, అరటి తొక్కతో సహా.

మే నుంచి సెప్టెంబరు దాకా మనకు అనువైన కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆగస్టులో బీళ్ళ మీద హెదర్ పూసి కొండ ఊదారంగు తిరుగుతుంది. డిసెంబరులో నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది, ఆ నెలల్లో మనవడితో లూడో ఆడుకోండి. వేసవిలో బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లోంచి నడిస్తే కాళ్ళకు పిడుదులు పట్టవచ్చు, ఇంటికి రాగానే మోకాలి వెనక, నడుం దగ్గర చూసుకోండి.

కాలు మెలికపడి కదలలేకపోతే 999కు గాని 112కు గాని ఫోను చేసి, మొదట పోలీస్ అని, తరవాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. వచ్చేవాళ్ళు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి. ఎక్కడున్నారో చెప్పడానికి గ్రిడ్ అంకెలు కావాలి. పటం అడుగున ఉన్న అంకెలు ముందు, పక్కనున్నవి తరవాత. మామ్ టోర్ స్తంభమైతే 'ఎస్‌కె 127 836'. ఎస్‌కె అన్నది ఆ ప్రాంతపు పెద్ద గడి పేరు, ప్రతి మూడంకెల్లో చివరిది కిలోమీటరు గడిలో పదో వంతుల లెక్క. ఇంట్లో ఉండగానే రెండు మూడు చోట్లకు ఈ అంకెలు రాసి చూసుకోండి. రోజూ వేసుకునే మందుల పేర్లు, పిల్లల ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి కోటు జేబులో పెట్టుకోండి. వెళ్ళే దారి, తిరిగి వచ్చే వేళ అమ్మాయికో కోడలికో చెప్పి బయలుదేరండి.

పిల్లలు వేరే ఊళ్ళో ఉన్నా పద్ధతి ఇదే. ఆ ఊరి ఎక్స్‌ప్లోరర్ పటం కొని, ఇంటి గుమ్మం నుంచి ఆకుపచ్చ గీత ఎక్కడ మొదలవుతుందో వెతకండి. చాలా ఊళ్ళలో దగ్గర్లోనే ఒకటి దొరుకుతుంది. ఎక్కడైనా దారికి ముళ్ళకంచె అడ్డం వచ్చినా, స్తంభం విరిగి పడి ఉన్నా గోడ దూకకండి, తగాదా పెట్టుకోకండి. దారులను తెరిచి ఉంచాల్సిన బాధ్యత కౌంటీ కౌన్సిల్‌ది, కొన్ని నగరాల్లో ఆ నగర కౌన్సిల్‌ది. ఒక ఫొటో, గ్రిడ్ అంకెలు, తేదీ జతచేసి నాలుగు వాక్యాల ఫిర్యాదు పంపండి. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళం మనకెందుకని సంకోచించకండి, నడిచేవాళ్ళెవరైనా రాయవచ్చు. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.